ఏడోసారి వెలిగిన పచ్చదీపం

పోయినవారం మనం తలుపు తట్టిన చప్పుడు దగ్గర ఆగాం.

తలుపుకు ఇవతల ఉన్నది చెవులమ్మాయి. ప్రసూతి ఆసుపత్రి రెండో అంతస్తులో, లిఫ్టు పక్కన, ఒకప్పుడు ఉతికిన దుప్పట్లు పెట్టుకునే గదిలో కూర్చుని, పుట్టిన ప్రతి బిడ్డకూ ఇంటికి వెళ్ళేలోపే చెవులు పరీక్షించడం ఆమె పని. ఆ పద్ధతి ఈ ఆసుపత్రిలో మొదలై ఏడాది కూడా కాలేదు. తలుపుకు అవతల ఉన్నది, మొదటి నెలలోనే ఇక్కడ పరీక్షలో పాసైన ఒక పాప తల్లి. పాపకు ఇప్పుడు పది నెలలు. పిలిస్తే తిరగడం లేదు. కింద చీటీలు రాసేచోట ఈ సంగతి విన్న పెద్ద సిస్టర్, ఆ తల్లి మెట్లెక్కి వచ్చేలోపే ఒకసారి వచ్చి, ఏం చెప్పాలో చెప్పి వెళ్ళింది.

“కంగారు పడకు,” అంది పెద్ద సిస్టర్, గుమ్మంలోనే నిలబడి. “పుట్టినప్పుడు బాగానే ఉన్నాయమ్మా, కొందరికి పోనుపోను తగ్గుతాయి, అను. అబద్ధమేం కాదుగా? కొందరికి తగ్గుతాయిగా?”

“తగ్గుతాయి సిస్టర్.”

“మరింకేం. ఆ మాట అనేసి పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపెయ్. ఏడుపుమొహం మాత్రం పెట్టకు. నీ మొహం చూస్తే లేని తప్పు కూడా ఉందనుకుంటారు.” వెళ్ళబోయి, ఆగి, ఫోను తీసి చూపించింది. “ఇదిగో మావాడు, నా మనవడు. నిన్నటికి ఐదు నెలలు నిండాయి. ఎంత బుద్ధిమంతుడనుకున్నావ్! పక్కన మిక్సీ తిరిగినా, తలుపు దబాలున పడ్డా కన్ను తెరవడు. మా అమ్మాయిని పెంచడానికి నేను పడ్డ పాట్లలో పదోవంతు కూడా లేదు దానికి.”

చెవులమ్మాయి ఫోటో వైపు చూసి తలూపింది. అప్పుడు ఆమె ధ్యాసంతా మెట్లమీద ఉంది.

ఇప్పుడు తలుపు తీసింది.

గుమ్మంలో ఒక బస్సు కండక్టరు. డ్యూటీ చొక్కాతోనే వచ్చేసింది. భుజం మీద పాప నిద్రపోతోంది. ఇంకో చేతిలో, మడతలు పడి అంచులు నలిగిన కార్డు.

“చెవులు చూసే అమ్మాయివి నువ్వే కదా చెల్లీ? నేను గుర్తున్నానా?”

గుర్తు లేదు. రోజుకు పదిమంది తల్లులు వస్తారు. చెవులమ్మాయికి మొహాలు నిలవవు. కానీ కండక్టరమ్మ పాపను భుజం మార్చుకున్నప్పుడు ఎడమ చెవి కనిపించింది. తమ్మె అంచున, గోటితో నొక్కినట్టు చిన్న నొక్కు.

ఆ చెవి గుర్తుంది.

“కూర్చోండమ్మా,” అంది.

“కూర్చుంటా గానీ, ముందు నన్ను చూసి ఒక మాట చెప్పు. నేను పిచ్చిదానిలా కనిపిస్తున్నానా?”

“లేదమ్మా.”

“మా ఇంట్లో ఓట్లేస్తే నేనే గెలిచా.” నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది. ఇరవైమందిలో వినపడేలా మాట్లాడటం అలవాటైన గొంతు. ఆ చిన్న గదిలో దాన్ని తగ్గించుకోవడానికి కష్టపడుతోంది. “నాలుగో నెలలోనే నాకు అనుమానం వచ్చింది. పళ్ళెం కిందపడితే నేను ఉలిక్కిపడ్డా, ఇది పడలేదు. మా అత్తతో అన్నా. ఆవిడ ఈ కార్డు తెచ్చి నా మొహం ముందు పెట్టింది. ఆకుపచ్చ ముద్ర చూడు, పాస్ అని రాసుంది చూడు, ఆసుపత్రి వాళ్ళకంటే నీకెక్కువ తెలుసా అని. మా ఆయన్ని అడిగితే ఆయనా కార్డే చదివాడు. పక్కింటావిడా కార్డే చదివింది. వీధివీధంతా అక్షరాస్యులైపోయారనుకో.”

చెవులమ్మాయి ఆ కార్డు అందుకుని మడతలు విప్పింది.

“ఏడో నెలలో ఇంక ఆగలేక ఒక పని చేశా. డ్యూటీ విజిల్ ఇంటికి తీసుకెళ్ళి, దీని వెనక నిలబడి, బస్సు ఆపడానికి ఊదినట్టు గట్టిగా ఊదా. పై ఇంటివాళ్ళు దిగొచ్చారు. ఎదురింటి తాతగారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. వీధిలో పోయే కుక్క కూడా ఆగి చూసింది. ఇది మాత్రం కూర్చుని తన కాలి బొటనవేలు చూసుకుంటోంది.” నిద్రపోతున్న పాప కాలిని అరచేతిలోకి తీసుకుంది. “అప్పట్నించీ విజిల్ ఇంటికి తేవడానికి లేదు. డిపోలోనే పెట్టి రావాలి. మా అత్త పెట్టిన రూలు. ఇవాళ ఎవరికీ చెప్పకుండా, డ్యూటీ దిగీ దిగగానే ఇంటికెళ్ళి దీన్నెత్తుకుని ఇటు వచ్చేశా.”

చెవులమ్మాయికి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఇంటినిండా మనుషులుండగా ఈ మనిషి ఆరు నెలలు ఒంటరిగా గడిపింది. తన కళ్ళతో చూసినదాన్ని నమ్మే ఒక్క మనిషి లేకుండా. అందరి నోళ్ళలోనూ ఉన్నది ఒకే ఒక ముద్ర. ఆ ముద్ర కొట్టిన చెయ్యి తనది.

“ముందు చెవులు చూద్దామమ్మా. నిద్రలో ఉంది, మంచిదే.”

తలుపు మూసి, కిటికీ మూసి, గోడ అవతల లిఫ్టు మోత ఆగేదాకా ఆగింది. గది అరల్లో ఇప్పటికీ పాత దుప్పట్ల దొంతరలు ఉన్నాయి. చప్పుడును తాగేస్తాయని ఆమే వాటిని తియ్యనివ్వలేదు. డబ్బాలోంచి పాప చెవికి సరిపోయే రబ్బరు మొన ఏరి, సన్న గొట్టం చివర తొడిగి, కుడి చెవిలో మెల్లగా అమర్చింది.

“ఇదేం చేస్తుంది?” కండక్టరమ్మ గుసగుసగా అడిగింది.

“చిన్న చిన్న చప్పుళ్ళు లోపలికి పంపుతుంది. బాగున్న చెవి ఊరికే విని ఊరుకోదమ్మా, బదులిస్తుంది. లోపలినుంచి సన్నగా చప్పుడు తిరిగొస్తుంది. మనకు తెలియదు గానీ ఈ యంత్రం పట్టుకుంటుంది. పట్టుకుంటే పచ్చదీపం. లేకపోతే పసుపు.”

అరచేతికంటే కాస్త పెద్దదైన ఆ యంత్రాన్ని ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

పసుపు.

ఎడమ చెవి. నొక్కు ఉన్న తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుని మొన అమర్చింది. పసుపు.

ఇంకోసారి కుడి. ఇంకోసారి ఎడమ. రెండూ పసుపే. అక్కడితో ఆపేసి, గొట్టం చుట్టి బల్లమీద పెట్టింది.

కండక్టరమ్మ ఏడవలేదు. ఊపిరి వదిలింది. దూరంనుంచి మోసుకొచ్చిన బరువును దించినవాళ్ళు వదిలే ఊపిరి అది.

“అయితే నాకు పిచ్చి లేదు.”

“లేదమ్మా.”

“మరి అప్పుడెలా పాసయింది చెల్లీ?”

పెద్ద సిస్టర్ ఇచ్చిన మాట నోట్లో సిద్ధంగా ఉంది. చెప్పేస్తే సరిపోతుంది. ఈమె నమ్ముతుంది కూడా. అంతకుముందు కార్డును ఊరంతా నమ్మినట్టే.

మొదట్లో ఈ గదిలో పసుపు దీపాలు బాగా ఎక్కువ వచ్చేవి. పుట్టిన మొదటి రోజు బిడ్డ చెవిలో నీరు, జిగురు ఉంటాయి. బాగున్న చెవి కూడా బదులివ్వదు. నలుగురిలో ఒకరిని మళ్ళీ రమ్మని రాస్తుంటే వార్డుల్లో బాలింతల ఏడుపులు, వాళ్ళవాళ్ళ కేకలు. “పుట్టినవాళ్ళందరినీ చెవిటివాళ్ళని చేసి కూర్చోబెడతావా ఏంటి?” అని పెద్ద సిస్టర్ మండిపడింది. “ఇంకోసారి చూడు. వచ్చేదాకా చూడు.” చెవులమ్మాయి చూసేది. మూడుసార్లు, ఐదుసార్లు. చివరికి పచ్చదీపం వెలిగితే అందరి ప్రాణాలూ కుదుటపడేవి. కార్డు మీదా రిజిస్టరులోనూ ఆ చివరిదొక్కటే ఎక్కేది.

నాలుగు నెలల కిందట, శిక్షణ ఇచ్చే మేడమ్ పెద్దాసుపత్రినుంచి వచ్చింది. “కళ్ళు మూసుకుని గిన్నెలోకి గింజలు విసురుతూ ఉంటే ఎప్పుడో ఒకటి పడుతుంది,” అంది. “దాన్ని గురి అనరు. రెండుసార్లు చూడండి, రాకపోతే మా దగ్గరికి పంపండి. వచ్చేదాకా చూసిన పాస్, పాస్ కాదు.” ఆ రోజునుంచి చెవులమ్మాయి మూడోసారి చూడలేదు. అయితే, అంతకుముందు చూసిన బిడ్డలు? చేసిన ప్రతి పరీక్షా యంత్రంలో భద్రంగా ఉంటుందని ఆమెకు తెలుసు. తెలిసీ, ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ పాత జాబితా తెరవలేదు.

ఈ గదిలో రోజంతా ఆమె మాటలు రాని బిడ్డలతో ఉంటుంది. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఇక్కడే ఒక్కతే తింటుంది. మనసులో మాట చెప్పుకోదగ్గ మనిషి ఒక్కతే, అక్క. అక్కకు వినపడదని ఇంట్లో తెలిసేసరికి నాలుగేళ్ళు పట్టింది. తొమ్మిదో ఏట దూరంగా బడిలో వేసేదాకా అక్కకున్న భాషంతా, చెల్లెలితో కలిసి చేతులతో అల్లుకున్నదే. ఆకలి. వాన. నాన్న వస్తున్నాడు. నాతో రా. ఆ భాష మాట్లాడేవాళ్ళు లోకంలో ఇద్దరే. ఇప్పుడు అక్క ఇంకో ఊళ్ళో బట్టలు కుట్టేచోట పనిచేస్తోంది. చుట్టూ తనలాంటి స్నేహితులు. వాళ్ళ చేతులు ఎంత వేగంగా కదులుతాయంటే, వీడియోలో చూసే చెల్లెలికి ఒక్క ముక్క అందదు. వాళ్ళు నవ్వినప్పుడు ఈమె కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వుతుంది. పోయిన ఆదివారం వీడియోలో అక్క తన నుదురు తాకి, ఏమైంది నీకు, అని అడిగింది. చిన్నప్పుడు ఇద్దరూ అల్లుకున్న భాషలో ఈ దిగులుకు మాట లేదు. నిద్ర పట్టడం లేదు, అని చెప్పి ఊరుకుంది.

“పుట్టినప్పుడు బాగానే...” అని మొదలుపెట్టింది చెవులమ్మాయి.

కండక్టరమ్మ ఆమె నోటివంకే చూస్తోంది. చిన్నప్పుడు అక్క చూసినట్టే, పెదవుల కదలిక ఒక్కటి కూడా జారిపోనివ్వకుండా.

మాట ఆగిపోయింది.

“పాసవలేదమ్మా,” అంది. “నేను పాస్ చేశాను.”

“అంటే?”

యంత్రంలో పాత తేదీ వెతికి, అప్పటి మంచం నంబరు నొక్కి, తెరను ఆమె వైపు తిప్పింది. కుడి చెవికి మూడు పసుపు గీతలు, నాలుగోది పచ్చ. ఎడమ చెవికి ఆరు పసుపు గీతలు, ఏడోది పచ్చ.

“బిడ్డ పెదాలు చప్పరించినా, దుప్పటి రాసుకున్నా, ఒక్కోసారి ఆ చప్పుడే బదులనుకుంటుంది యంత్రం. రెండుసార్లు పసుపు వచ్చినప్పుడే ఆపి, పెద్దాసుపత్రికి పంపాల్సింది. పచ్చదీపం వచ్చేదాకా చూశాను. రిజిస్టరులో అదొక్కటే రాశాను. అప్పట్లో నాకు తెలియదు. కానీ నాలుగు నెలలనుంచి తెలుసు. తెలిసీ వెతకలేదు.”

గోడ అవతల లిఫ్టు కదిలింది. కింది అంతస్తు దాకా వెళ్ళి ఆగింది. కండక్టరమ్మ వేలు తెరమీద పసుపు గీతలను ఒక్కొక్కటిగా తాకుతూ పోయింది, సీట్లలో మనుషులను చూసుకుంటూ వెళ్ళినట్టు. ఆరో గీత దగ్గర ఆగింది.

“ఆరుసార్లు చెప్పింది కదండీ నా బిడ్డ,” అంది. చెల్లీ అన్న పిలుపు పోయింది. “ఏడోసారి దాకా ఎందుకడిగారు?”

చెవులమ్మాయి తల వంచుకుని నిలబడింది. తిట్టినా బాగుండును. ఆ ‘అండీ’ ఇద్దరి మధ్యా గోడలా లేచింది.

“ఎంత ఆలస్యమైంది?” అడిగింది కండక్టరమ్మ.

చెవులమ్మాయి గోడ వైపు చూపించింది. తన చేత్తో రాసి అంటించిన కాగితం. నెలలోపు పరీక్ష. మూడు నెలలలోపు నిర్ధారణ. ఆరు నెలలలోపు బిడ్డకు మాట అందాలి, వినికిడి యంత్రంతోనో, చేతుల భాషతోనో, రెండింటితోనో. “నాలుగు నెలలు దాటింది. దాటిందని ఆగిపోయేది కాదమ్మా. ఇవాళ మొదలుపెడితే రేపటికంటే నయమే. పెద్దాసుపత్రిలో, నిద్రపుచ్చి తలకు తీగలు అంటించి చూసే పరీక్ష ఉంది. అది చేస్తేగానీ ఎంత వినపడుతోందో గట్టిగా చెప్పలేం. మామూలుగా నెలన్నర ఆగాలి. నేను మేడమ్‌కి ఫోన్ చేసి ఎల్లుండికి అడుగుతాను.”

ఎదురుగానే ఫోన్ చేసింది. మేడమ్ తేదీ ఇచ్చింది.

“రాసివ్వండి,” అంది కండక్టరమ్మ.

“తేదీనా?”

“తేదీ కాదు. ఇందాక నాకు చెప్పారే, అది. ఏడుసార్లు చూశారని, పాస్ కాదని. మా ఇంట్లో నా నోటిమాట చెల్లదు. ఇన్నాళ్ళూ మీ కాగితమే చెల్లింది. ఎల్లుండి నాతో మా ఆయన రావాలి, మా అత్త అడ్డుపడకూడదు. దానికి ఇంకో కాగితం కావాలి నాకు.”

ఆ కాగితం కింద సంతకం పెడితే ఈ గదిలో తన కుర్చీ ఉంటుందో లేదో తెలియదు. చెవులమ్మాయి కలం తీసుకుంది. తేదీ వేసింది. ఎన్నిసార్లు చూసిందీ, ఏ చెవి ఎన్నోసారి పచ్చదీపం చూపించిందీ, ఆ పరీక్ష చెల్లదనీ రాసి, బిడ్డ తల్లికి నాలుగో నెలలోనే అనుమానం వచ్చిందనీ, ఆమె అనుమానం నిజమనీ అడుగున చేర్చింది. కింద తన పూర్తి పేరు రాసింది. హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించని పేరు.

కండక్టరమ్మ చదువుకుంది. చివరి వాక్యం దగ్గర ఆమె కళ్ళు చాలాసేపు ఆగాయి. మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని లేచింది.

ఆ కదలికకు పాప మేలుకుంది. తల్లి భుజం మీదనుంచి గదిని చూసింది, దుప్పట్లను చూసింది, చెవులమ్మాయిని చూసింది. చెవులమ్మాయి చెయ్యి దానంతటదే లేచింది. అరచెయ్యి గుండెకు ఆనించి, మెల్లగా ముందుకు తెరిచింది. అక్కతో ప్రతి పొద్దునా అన్న మాట.

పాప కళ్ళార్పకుండా చూసింది. తరువాత తన చిట్టి పిడికిలిని ఒకసారి విప్పింది.

“ఏమన్నారు దాంతో?” కండక్టరమ్మ తల తిప్పి అడిగింది.

“నాతో రా, అని. మా అక్కకూ వినపడదు. మేమిద్దరం అనుకునే మాట.”

“ఇంకోసారి అనండి.”

చెవులమ్మాయి మళ్ళీ చేసింది. కండక్టరమ్మ ఒక చేత్తో పాపను ఎత్తుకుని, ఇంకో చేత్తో, టికెట్ అందించినట్టు తడబడుతూ చేసింది. పాప తల్లి మొహం వైపు చూసి పిడికిలి విప్పింది. కండక్టరమ్మ ఇంక అక్కడ నిలబడలేక గబగబా గుమ్మం దాటింది. దాటినదల్లా వెనక్కి తిరిగింది.

“నా బిడ్డ ఒక్కతేనా?”

“తెలీదమ్మా.”

“వెతకండి,” అని వెళ్ళిపోయింది.

మెట్లమీద అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా చెవులమ్మాయి కదలలేదు. గది ఎప్పటిలాగే ఉంది. ఆమె తలుపు దగ్గరికి వేసి, స్టూలు మీద కూర్చుని, పాత జాబితా తెరిచింది. రెండుసార్లతో సరిపోయినవాళ్ళను వదిలేస్తూ పోయింది. మొదటి నెలలో ముగ్గురు. రెండో నెలలో ఇద్దరు. ఒక్కొక్కరి మంచం నంబరూ, తేదీ కాగితం మీద రాసుకుంటోంది. ఎక్కడున్నారో ఈ బిడ్డలు. వాళ్ళ వెనక పళ్ళేలు పడేసి చూస్తున్న తల్లులు ఎంతమందో. ఎవరికీ చెప్పుకోలేక ఎక్కడ కూర్చున్నారో.

అలా జరుపుకుంటూ ఐదు నెలల కిందటి తేదీల దగ్గరికి వచ్చేసరికి, తెరమీద ఒక పొడవాటి వరుస కనిపించింది. ఎనిమిది పసుపు గీతలు. తొమ్మిదోది పచ్చ. మంచం నంబరు ఉండాల్సిన చోట, ప్రత్యేక గది, ఒకటి.

ఆ రోజు మరిచిపోయేది కాదు. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకున్నది తల్లి కాదు, అమ్మమ్మ. “ఇంకోసారి చూడు. మావాడు గట్టివాడు, నీ మిషన్‌కే చెవుడు,” అని నవ్వుతూనే ఉంది తొమ్మిదిసార్లూ.

చెవులమ్మాయి గోడమీద కాగితం వైపు చూసింది. ఆరు నెలలలోపు. నిన్నటికి ఐదు నిండాయి.

తలుపు తోసుకుని పెద్ద సిస్టర్ లోపలికి వచ్చింది.

“వెళ్ళిందా ఆవిడ? చెప్పమన్నట్టే చెప్పావుగా?” బల్లమీది కాగితాన్ని చూడలేదు. ఆమె మొహాన్నే చూసింది. “ఏంటే ఆ చూపు? ఏమైంది?”

చెవులమ్మాయి యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడింది.

“సిస్టర్, మీ మనవణ్ణి ఒకసారి తీసుకురండి. ఇవాళే.”

“ఇప్పుడా? మధ్యాహ్నం పూట నిద్రపోతుంటాడు వాడు,” అంది పెద్ద సిస్టర్ నవ్వుతూ. “చెప్పానుగా నీకు, పక్కన పిడుగు పడ్డా లేవడు.”

అని, నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే, తను అన్న మాట తనకే వినపడినట్టు ఆగిపోయింది.